సమరయుడి చేతి నీళ్లు

నేను పుట్టింది సూర్యాపేటలో, బాప్టిస్టు ఇంట్లో. మెట్టింది కోదాడలో, కతోలిక ఇంట్లో. పంతులమ్మగా రిటైరయ్యాక ఇప్పుడు మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఈ మూడు ఊళ్లలో సండే స్కూల్లో, స్త్రీల సమాజంలో, గృహ కూడికల్లో, ఆసుపత్రి వరండాల్లో నేను ఎక్కువసార్లు చెప్పిన వాక్యభాగం మంచి సమరయుడి కథ. లూకా సువార్త పదో అధ్యాయం. యెరూషలేము నుంచి యెరికోకు దిగిపోతున్న ఒక మనిషిని దొంగలు దోచుకుని, కొట్టి, కొనప్రాణంతో వదిలేస్తారు. యాజకుడు చూసి పక్కకు తప్పుకుంటాడు, లేవీయుడూ అంతే. సమరయుడు ఆగి, కట్టు కట్టి, తన గాడిద మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేరుస్తాడు. ఈ కథ తెలియని క్రైస్తవ ఇల్లు మన జిల్లాల్లో ఉండదు.

కొత్తగా బైబిలు స్టడీలు నడుపుతున్న పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చి ఒక మాటన్నారు. "అమ్మమ్మా, వాక్యం చెప్తే అందరూ ఆమెన్ అంటారు, ఇంటికి పోతారు. మళ్లీ ఆదివారం వస్తారు. ఏమీ కదలదు." వాళ్ల కోసం రాస్తున్నాను ఇది. కొన్నింటి గురించి పొడుగ్గా చెప్తాను, కొన్ని రెండు ముక్కల్లో తేలుస్తాను.

1. ముందు పేజీ చదవండి, తర్వాతి పేజీ కూడా చదవండి.

సమరయుడి కథను ఒక్కదాన్నే కోసి తెస్తే అది నీతి కథ అయిపోతుంది. తొమ్మిదో అధ్యాయంలో యేసును ఒక సమరయుల గ్రామం ఊళ్లోకి రానివ్వలేదు. యాకోబు, యోహానులకు కోపం వచ్చి, ఆకాశం నుంచి నిప్పు కురిపించి ఆ ఊరిని కాల్చేద్దామా అని అడిగారు. యేసు వాళ్లను గద్దించాడు. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలోనే ఆయన సమరయుణ్ణి కథానాయకుణ్ణి చేశాడు. తనకు తలుపు మూసిన జనంలోంచి ఒకణ్ణి తీసుకొచ్చి, ఇతనిలా చెయ్యండి అన్నాడు. ఇది తెలిశాక కథ బరువు మారుతుంది.

తర్వాతి పేజీలో మార్త, మరియ ఉంటారు. మార్త పనుల్లో సతమతమవుతుంటుంది, మరియ పాదాల దగ్గర కూర్చుని వింటుంటుంది, యేసు మరియ పక్షం మాట్లాడతాడు. వెళ్లి చెయ్యి అన్న కథ పక్కనే, కూర్చుని విను అన్న కథను లూకా ఊరికే పెట్టలేదు. చేసేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య మన సంఘాల్లో ఎప్పుడూ ఒక వాదం ఉంటుంది. లూకా ఆ రెండింటినీ విడదీయలేదు.

2. కంఠతా పెట్టించండి.

మా అమ్మమ్మకు అక్షరం రాదు. మిషన్ కాలంలో గూడేలకు నడిచి వచ్చిన బైబిలు స్త్రీల దగ్గర విని, అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి నేర్చుకుంది. నాట్లు వేస్తూ వాక్యం చెప్పుకునేది. ఫోన్లో బైబిలు ఉంది కదా అని ఇప్పుడు బంగారు వాక్యాలు కంఠతా పెట్టడం మానేశారు. కష్టం వచ్చిన నిమిషంలో ఎవరూ ఫోన్ తీసి వెతకరు. నోట్లో ఉన్నదే పనికొస్తుంది.

3. మౌనంగా కూర్చోవడం నేర్చుకోండి.

ఇది నాకు కోదాడలో అబ్బింది. పెళ్లికి ముందు నా దృష్టిలో వాక్యం అంటే ప్రసంగం, దాని మీద ప్రశ్నలు. అత్తగారింట్లో సువిశేషం చదివి కొంతసేపు ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. మళ్లీ అదే భాగం చదివేవారు. ఏ మాట దగ్గర మనసు ఆగిందో ఒక్కొక్కరూ చెప్పేవారు, వివరించేవారు కాదు. ఇది కొత్త పద్ధతేమీ కాదని మా విచారణలో (పారిష్‌లో) ఒక సిస్టరు చెప్పింది. పన్నెండో శతాబ్దంలో రెండో గిగో అనే మఠవాసి దీన్ని నాలుగు మెట్లుగా రాసిపెట్టాడు: చదవడం, నెమరువేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరక ఉండడం.

నేను దానికి ఇంకో మెట్టు కలిపాను. ఈ వారం ఎవరి దగ్గరికి వెళ్తున్నాం అన్న ప్రశ్న అది. పేరూ వీధీ చెప్పాలి. "పేదలకు సాయం చేస్తాను" అంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఏ పేద? ఏ రోజు వెళ్తావు? ఈ ఒక్క ప్రశ్నతో గృహ కూడికల నడక మారింది. మౌనం లేకుండా ఆ ప్రశ్న అడిగితే మాత్రం జనం తొందరపడి ఏదో ఒకటి చెప్పి మర్చిపోతారు.

పాత కాలపు వ్యాఖ్యానాలు కూడా కోదాడలోనే మొదటిసారి విన్నాను. ఓరిజెన్, అగస్టీన్ లాంటి పెద్దలు ఈ కథను ఆదాము పతనంగా చదివారు. దోపిడికి గురైనవాడు మానవజాతి, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం. బాప్టిస్టు బడిలో పెరిగిన నాకు మొదట అది వింతగా తోచింది. ఆలోచించగా అందులో ఒక మేలు కనిపించింది. అలా చదివితే మనం సమరయుడి గాడిద ఎక్కినవాళ్లం అవుతాం. ఎవరికైనా సాయానికి వెళ్లేటప్పుడు ఆ సంగతి గుర్తుంటే, సాయం చేస్తున్నామన్న బడాయి ఉండదు.

4. సమరయుడు ఎవరో దాచకుండా చెప్పండి.

నేను నేర్చుకున్నవాటిలో దీన్ని మించింది లేదు. ఎక్కువ సంఘాల్లో దాటేసేదీ దీన్నే.

యూదులూ సమరయులూ ఒకరి పాత్రల్లో ఒకరు నీళ్లు తాగేవారు కాదు. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో బావి దగ్గర స్త్రీ ఆశ్చర్యపోయింది అందుకే: యూదుడివి, నన్ను నీళ్లు అడుగుతున్నావేమిటని. గెరిజీము కొండ మీది వాళ్ల గుడిని యేసు పుట్టడానికి వంద ఏళ్లకు ముందే యూదుల పాలకుడు కూల్చేశాడు. అంత పాత పగ అది. కథ చివర యేసు, నా పొరుగువాడెవడని తనను అడిగిన ధర్మశాస్త్ర పండితుణ్ణి తిరిగి అడుగుతాడు: ఈ ముగ్గురిలో పొరుగువాడైంది ఎవరు? పండితుడి నోట సమరయుడన్న మాట రాదు. జాలి చూపినవాడు అని తప్పించుకుంటాడు. నిజం ఒప్పుకున్నాడు గానీ పేరు పలకలేకపోయాడు.

మన ఊళ్లలో దీన్ని మెత్తగా చేసి, "అందరికీ సాయం చెయ్యాలి" అని ముగిస్తే వాక్యం చచ్చిపోతుంది. విన్నవాళ్లకు కోపం రావాల్సిన కథ ఇది. దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మన తాతలు చూశారు. బావి దగ్గర ఎవరో తోడి పోస్తే దోసిలి పట్టి తాగారు. ఆ బాధ తెలిసినవాళ్లమే సువార్త దగ్గరికి వచ్చాం. వచ్చాక ఏం చేశాం? కొన్ని ఊళ్లలో మాలల సంఘం వేరు, మాదిగల సంఘం వేరు. ఒకే పాట, ఒకే బైబిలు, రెండు గుళ్లు. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా గీత ఉంది. కతోలికుల్లో రెడ్లు ఉన్నారు, దళితులు ఉన్నారు, పూజలో పక్కపక్కన మోకరించినవాళ్లు పెళ్లి సంబంధం దగ్గర ఆగిపోతారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, భారతదేశంలో మొదటి దళిత కార్డినల్. మా ఇంట్లో అందరం సంతోషపడ్డాం. తమ విచారణలోనే దళితుడికి పిల్లనివ్వని ఇళ్లూ ఆ రోజు సంతోషపడ్డాయి.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పట్టపగలు, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ణి నరికి చంపారు. వేరే కులం అమ్మాయిని చేసుకోవడమే అతని తప్పయింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఆ చావు జరిగిన వారం మా స్త్రీల గుంపులో ఈ వాక్యమే తెరిచాం. అందరూ ఏడ్చారు, చంపినవాళ్లను శపించారు. ఆ శాపనార్థాలు అయ్యాక నేను అడిగాను: మన ఇళ్లలో ఎవరి పిల్లను మనం గడప తొక్కనివ్వడం లేదు? చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందులో ఒక తల్లి, కొడుకు అడుగుతున్న పెళ్లికి మొండికేసి కూర్చుని ఉంది. ఇద్దరూ క్రైస్తవులే, ఒకరు మాల, ఒకరు మాదిగ. ఆ రోజు ఆమె ఒక్క మాటా అనలేదు. కొన్ని నెలలకు ఆ పెళ్లి గుడిలోనే జరిగింది, ఆమే విస్తళ్ల ముందు నిలబడి వడ్డించింది. నేను చెప్పిన ఏ ప్రసంగానికీ ఇంత ఫలం నేను చూడలేదు.

5. పడి ఉన్నవాడి వైపు నుంచి కూడా చదివించండి.

పిల్లలతో ఈ కథను నాటకం వేయిస్తే అందరూ సమరయుడి వేషమే కావాలంటారు. దెబ్బలు తిన్నవాడి వేషం ఎవరికీ వద్దు. నేను దాన్నే ముందు పంచేదాన్ని.

మా ఆయనకు మునగాల దగ్గర హైవే మీద ప్రమాదం జరిగింది. కార్లు ఆగలేదు. పంక్చర్ షాపు నడుపుకునే ఒక ముస్లిం కుర్రాడు తన షాపు వదిలి, ఆటో ఆపి, రక్తంతో ఉన్న మనిషిని ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు. నేను వెళ్లేసరికి అతను ఇంకా అక్కడే ఉన్నాడు. అతని చేతి నీళ్లే మా ఆయన తాగాడు. ఆ తర్వాత ఈ వాక్యం చెప్పే ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతున్నాను: నువ్వు పడి ఉంటే, ఎవరి చెయ్యి నిన్ను లేపకూడదని అనుకుంటావు? ఎవరి మనసులో ఏ పేరుందో బయటికి చెప్పనక్కర్లేదు. ఆ పేరే వాళ్లకు సమరయుడు. 2020లో కరోనా రోజుల్లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు వచ్చినప్పుడు, ముస్లిం బండివాళ్ల దగ్గర ఏమీ కొనొద్దని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. మా గుంపు వాళ్లు కొన్నారు. ఈ ప్రశ్న అప్పటికి వాళ్ల లోపలికి వెళ్లి ఉంది.

6. ఖర్చు లెక్క రాయండి.

సమరయుడు నూనె పోశాడు, కట్టు కట్టాడు, తన గాడిద మీద ఎక్కించాడు, రాత్రంతా చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాడికి ఇచ్చాడు. దేనారం ఆ రోజుల్లో ఒక రోజు కూలి. తెలంగాణలో 2025-26కు ఉపాధి హామీ కూలి 307 రూపాయలు, ఆ లెక్కన రెండు దేనారాలంటే ఆరువందల పైచిలుకు. పెద్ద మొత్తం కాదు. కానీ ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే మళ్లీ వస్తాడు. ఆ తిరిగి రావడం దగ్గరే మన సంఘాలు ఓడిపోతాయి. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి, ఫొటో దిగి, మళ్లీ డిసెంబరు దాకా ఆ వీధికి వెళ్లం.

పూటకూళ్లవాణ్ణి కూడా వదలకండి. అతను లేకపోతే సమరయుడి జాలి ఒక్క రాత్రితో ఆగిపోయేది. 1890లో నల్లగొండలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున పనిచేశారు. ఆయుధం పట్టని తెగ వాళ్లది. వాక్యం చెప్పడంతో ఆగకుండా వాళ్లూ వాళ్ల తర్వాతివాళ్లూ బడీ ఆసుపత్రీ కట్టారు. మెదక్‌లో మిషనరీ పోస్నెట్ దొర కరువులో కూలి ఇచ్చి కట్టించిన గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. కతోలికుల్లో 1976లో నల్లగొండ మేత్రాసనం వచ్చింది, విచారణలతో పాటు సిస్టర్ల బడులూ దవాఖానాలూ మా వైపు ఊళ్లకు తెలుసు. ఇవన్నీ పూటకూళ్ల ఇళ్లే. ఇప్పుడు వాటిని నడిపించాల్సింది మనం. వంట చేసేముందు పక్కన పెట్టే పిడికెడు బియ్యం ఆచారాన్ని మా గుంపు డయాలసిస్‌కు వెళ్లే ఇద్దరి బస్సు ఖర్చులకు మళ్లించింది. నోటుపుస్తకంలో ప్రతి నెలా లెక్క ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు.

7. నీళ్లతో పాటు కరపత్రం ఇవ్వకండి.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. హైవే మీద వాహనాలను దారి మళ్లిస్తారు, అంత జనం. దారి పక్కన నీళ్ల కుండలు పెట్టినప్పుడు మా యువకుల్లో కొందరు సువార్త పత్రికలు కూడా పంచుదామన్నారు. నేను వద్దన్నాను. సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి నీ గుడి ఏదని అడగలేదు.

దీనికి మన చరిత్రలోనే పెద్ద సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, కరువు సాయం ముగిసేదాకా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల్లో 2,222 అన్న అంకె అందరూ చెప్తారు, ఆయన ఆపిన ఆ కాలాన్ని ఎవరూ చెప్పరు. నాకు ఆ ఆపడమే గొప్పగా కనిపిస్తుంది.

8. చట్టం తెలుసుకోండి.

ప్రమాదం చూసి ఆగకపోవడానికి మనవాళ్లు చెప్పే మొదటి కారణం పోలీసు కేసు. ఆ భయం పోగొట్టడం కూడా వాక్య పరిచర్యే. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు, ఆ సెక్షన్ పేరే మంచి సమరయుడి పేరు. గాయపడినవాణ్ణి మంచి మనసుతో ఆసుపత్రిలో చేర్చినవాడి మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. 108 బండి మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. కట్టు ఎలా కట్టాలో, మెడకు దెబ్బ తగిలినవాణ్ణి ఎందుకు ఎత్తకూడదో సండే స్కూల్లో ఒక ఆదివారం నేర్పించండి. హైవే పక్క ఊళ్ల పిల్లలకు ఇది తప్పనిసరి.

9. కలిసి తినండి.

సువార్తికుడు భక్తసింగ్ గారు నడిపిన సహవాసాల్లో ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. నేల మీద వరసగా కూర్చుంటారు, ఎవరి పక్కన ఎవరన్నది ఉండదు. ఆ పంక్తిలో కూర్చున్నాక నాలుగో పాఠం చెప్పడం చాలా తేలిక.

10. దారి ఎందుకు అలా ఉందో అడగండి.

యెరూషలేము నుంచి యెరికోకు పాతిక కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ కొద్ది దూరంలో దారి దాదాపు వెయ్యి మీటర్లు కిందికి దిగుతుంది. మలుపులు, రాళ్లు, దొంగలు దాక్కునే చోట్లు. మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 3న, చనిపోయే ముందు రోజు, మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెలో మాట్లాడుతూ ఈ దారి గురించే చెప్పాడు. ఆగితే నాకేమవుతుంది అన్నది యాజకుడి ప్రశ్న, ఆగకపోతే ఇతనికేమవుతుంది అన్నది సమరయుడి ప్రశ్న అన్నాడు. అంతకు ఏడాది ముందు న్యూయార్క్‌లో ఇంకో మాట చెప్పాడు: దారిన పడినవాళ్లను ఎత్తుతూ ఉంటే చాలదు, మనుషులు దెబ్బలు తినని విధంగా ఆ దారినే మార్చాలి.

బాప్టిస్టులమైన మాకు ఇది ఆలస్యంగా ఎక్కింది. ఆత్మల రక్షణ మా పని, రోడ్లు ప్రభుత్వం పని అనుకునేవాళ్లం. కానీ సూర్యాపేట, కోదాడల మధ్య ఊరు ఒకవైపు, పొలం ఇంకోవైపు ఉన్నచోట జనం డివైడర్ దాటుతూ చనిపోతుంటే, అంత్యక్రియల ప్రార్థనతో సంఘం పని అయిపోయిందనుకోవడం నాకు చేతకాలేదు. అండర్‌పాస్ కావాలని, వీధిదీపాలు కావాలని అర్జీలు రాశాం, మసీదు పెద్దల సంతకాలు, గుడి కమిటీ సంతకాలు కూడా తీసుకున్నాం. కొన్ని దీపాలు వచ్చాయి. అండర్‌పాస్ అడుగుతూనే ఉన్నాం.

2025 జులై 13న కతోలిక గుళ్లన్నింటిలో ఈ సువిశేషమే చదివారు. వాళ్ల పట్టిక ప్రకారం మూడేళ్లకోసారి వస్తుంది, మళ్లీ 2028 జులై 16న వస్తుంది. ఆ ఆదివారం మూడు ఊళ్లలోనూ బాప్టిస్టులు, కతోలికులు, సహవాసాలవాళ్లు, పెంతెకొస్తువాళ్లు పూజ, ఆరాధన ఎవరిది వాళ్లు చేసుకున్నాక ఒకచోట కూర్చోవాలని పిల్లలకు చెప్పాను. వాక్యం ఒకసారి చదవండి. కాసేపు మౌనంగా ఉండండి. ఆ పంక్చర్ షాపు కుర్రాడు ఇప్పుడు మునగాలలోనే సొంత మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు, అతణ్ణి కుటుంబంతో సహా పిలవండి. భోజనాలు నేల మీద వేయండి, అర్జీ కాగితం కూడా అక్కడే ఉంచండి.